గొలుసు చేతిలో ఉంటేనే.. కబ్బన్‌ నీడ!

బెంగళూరు: ఉద్యాననగరిలో ఆదివారం తెల్లారేది కాస్త ఆలస్యంగానే. ఇంట్లో కుక్క ఉన్నవాళ్లకు మాత్రం ఆ భాగ్యం లేదు. ఆరు కొట్టేసరికి మంచం పక్కకు వచ్చి నిలబడుతుంది. తోక ఊపుతుంది. అప్పటికీ లేవకపోతే దుప్పటి లాగుతుంది. ఇక లేచి గొలుసు తీసుకోక తప్పదు. తీరా బయటికి వస్తే ఎక్కడికి తీసుకెళ్లాలన్నదే సమస్య. వీధిలో అడుగు పెడితే నాలుగు ఊరకుక్కలు చుట్టుముడతాయి. ఫుట్‌పాత్‌ మీద స్కూటర్లు. అపార్టుమెంటు పచ్చిక మీదికి పోనిస్తే సెక్యూరిటీ గార్డు ఈల.

ఇలాంటి వాళ్లందరికీ నగరం నడిబొడ్డున ఓ దారి ఉంది. అదే కబ్బన్‌ పార్కు. ప్రవేశ రుసుము లేదు. ఎక్కాల్సిన గుట్టలు లేవు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా హాయిగా నడవొచ్చు. కుక్కను వెంట తెచ్చుకుంటే ఎవరూ కాదనరు. లాల్‌బాగ్‌లో ఆ అవకాశం లేదు. పెంపుడు జంతువులను అక్కడ గేటు దగ్గరే ఆపేస్తారు. హైదరాబాద్‌ నుంచి వచ్చే చుట్టాలకు ఈ మాట చెబితే ఆశ్చర్యపోతారు. వాళ్ల కేబీఆర్‌ పార్కు 1998లో జాతీయ పార్కుగా మారింది. నెమళ్లు తిరిగే చోటు కాబట్టి కుక్కలకు అక్కడ అనుమతి లేదు. అలాంటిది రాజధాని మధ్యలో, హైకోర్టు పక్కన, శాసనసభకు ఎదురుగా ఇంత పెద్ద తోటలో కుక్కతో నడవడమంటే మాటలు కాదు.

అయితే ఈ వెసులుబాటు ఒకసారి చేజారినంత పని అయింది. అదీ ఎవరి వల్లో కాదు, కుక్కలను తెచ్చేవాళ్ల వల్లే. ఆ సంగతి తర్వాత. ముందు ఓ చుట్టు తిరిగొద్దాం. చివర్లో వెయ్యేళ్ల కిందటి ఓ వేటకుక్కను కూడా పలకరించి రావచ్చు.

రాణి విగ్రహం నుంచి రాగిమాను నీడల దాకా..

ఎం.జి.రోడ్డు వైపు నుంచి వచ్చేవాళ్లకు ముందు కనిపించేది విక్టోరియా రాణి పాలరాతి విగ్రహం. 1906లో పెట్టారు. అక్కడి నుంచి లోపలికి మళ్లితే చాలు, హారన్ల మోత సగం తగ్గిపోతుంది. పక్కనే మెట్రో స్టేషను ఉన్నా కుక్కతో వచ్చేవాళ్లకు అది అక్కరకు రాదు. పెంపుడు జంతువులను మెట్రో ఎక్కనివ్వరు. సొంత బండో, ఒప్పుకునే ఆటోనో చూసుకోవాల్సిందే. ఆటోవాలా ముందు కుక్కను చూసి, తర్వాత సీటును చూసి, ఆఖరున మీటరు మీద ఎంత అడగాలో ఆలోచిస్తాడు. పాత దుప్పటి ఒకటి చేతిలో ఉంటే బేరం కొంత సులువవుతుంది.

ఈ తోట పుట్టింది 1870లో. అప్పట్లో మైసూరు సంస్థానం చీఫ్‌ ఇంజినీరుగా ఉన్న రిచర్డ్‌ శాంకీ రూపకల్పన చేశారు. శాంకీ చెరువు ఆయన పేరు మీదున్నదే. మొదట వంద ఎకరాలు. తర్వాత పెరుగుతూ మూడొందల ఎకరాల దాకా వెళ్లింది. తొలి పేరు మీడ్స్‌ పార్కు. ఆ తర్వాత చాలాకాలం మైసూరు కమిషనరుగా పనిచేసిన మార్క్‌ కబ్బన్‌ పేరు స్థిరపడింది. 1927లో నాల్వడి కృష్ణరాజ ఒడెయరు పాలన రజతోత్సవం సందర్భంగా ‘శ్రీ చామరాజేంద్ర పార్కు’ అని అధికారికంగా మార్చారు. ఆ పేరు కాగితాల మీదే ఉండిపోయింది. ఆటోవాలాను ‘చామరాజేంద్ర పార్కుకు పోనీ’ అంటే ఏ మైసూరుకో అనుకుంటాడు.

లోపలికి వెళ్లేకొద్దీ చెట్లు పలకరిస్తాయి. తోటలో 96 జాతుల చెట్లున్నట్లు ఉద్యాన శాఖ లెక్క. అన్నీ కలిపి ఆరు వేల పైచిలుకు. సిల్వర్‌ ఓక్‌ లాంటి విదేశీ చెట్లు ఒకవైపు. మన ఊళ్లలో కనిపించే కానుగ, మామిడి, నేరేడు, రావి మరోవైపు. రాయలసీమ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాల్లోని పెద్దవాళ్లు కానుగ చెట్టు కింద కాసేపు ఆగడం మామూలే. పిల్లలకు ఆ చెట్టు పేరు కన్నడంలో ‘హొంగె’ అనే తెలుసు. కానుగ అంటే తెల్లమొహం వేస్తారు. మాఘం, ఫాల్గుణం నెలల్లో వస్తే తబేబుయా గులాబీ పూలు నేలంతా పరుచుకుని ఉంటాయి. ఏప్రిల్‌, మే వస్తే గుల్‌మొహర్‌ ఎరుపు.

వెదురు పొదల దగ్గర దారి బాగా చల్లగా ఉంటుంది. కుక్కలకు ఈ చోటు మహా ఇష్టం. ఎండుటాకుల కింద ఏదో వాసన. ఆ వాసన చూడనిస్తూ ఆగాగి నడవాలి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. తమ వ్యాయామం కోసం గొలుసు పట్టి లాక్కుపోతారు. నడకలో మనిషికి లెక్క అడుగులైతే, కుక్కకు లెక్క వాసనలు. అరగంట వాసనలు చూస్తూ తిరిగిన కుక్క ఇంటికొచ్చి నిద్రపోతుంది. గంట పరుగెత్తించిన కుక్క ఒక్కోసారి ఇంకా రెచ్చిపోయి సోఫా కొరుకుతుంది.

అక్కడి నుంచి బ్యాండ్‌స్టాండు మీదుగా ఎర్ర భవనం వైపు. అదే అఠార కచేరి. ఒకప్పుడు పద్దెనిమిది శాఖల కార్యాలయాలు ఇందులో ఉండేవి కాబట్టి ఆ పేరు. 1868 నాటి ఈ కట్టడంలోనే ఇప్పుడు హైకోర్టు నడుస్తోంది. ఇంకాస్త ముందుకెళ్తే మరో ఎర్ర భవనం, 1915 నాటి శేషాద్రి అయ్యర్‌ స్మారక మందిరం. రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అందులోనే. దాని ముందు గులాబీ తోట దగ్గరికి మాత్రం కుక్కను పోనివ్వకపోవడమే మేలు. తోటమాలి కష్టం ఒక్క నిమిషంలో తవ్వేస్తుంది.

ఆదివారాలు లోపలి రోడ్ల మీద వాహనాలు ఆపే ఆనవాయితీ కొన్నేళ్లుగా ఉంది. కుక్కతో వచ్చేవాళ్లు ఆ రోజునే ఎంచుకోవడానికి అదొక కారణం. పిల్లలు సైకిళ్లు నేర్చుకుంటుంటారు. 2023 నుంచి కొందరు పచ్చిక మీద కూర్చుని చప్పుడు చేయకుండా పుస్తకాలు చదువుకుంటున్నారు. ఓ పక్క యోగా, మరో పక్క ఫొటోలు తీసుకునే పెళ్లి జంటలు. వీళ్లందరి మధ్య నుంచే కుక్క నడిచి వెళ్లాలి. చిక్కంతా ఇక్కడే.

‘ఏనూ మాడల్ల.. బన్ని!’

పార్కులో కుక్క ఉన్నవాళ్ల నోట ఎక్కువగా వినిపించే మాట ఇది. ‘ఏమీ చేయదు.. రండి’ అని. తెలుగువాళ్లయితే ‘మావాడు చాలా మంచోడండీ, కరవడు’ అంటారు. ఆ మాట అనేసరికే ఆ మంచోడు ఎదుటి మనిషి మోకాలి దాకా వచ్చి ఉంటాడు. కుక్క మంచిదే కావచ్చు. ఎదురుగా వస్తున్న డెబ్బై ఏళ్ల పెద్దావిడకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? చిన్నప్పుడు కుక్క కరిచి, బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకున్న తరం ఆమెది. భయపడి వెనక్కి అడుగు వేస్తే చాలు, పడి తుంటి ఎముక విరుగుతుంది. కరవకుండానే అంత పని అవుతుంది.

ఇలాంటివి పోగుపడే 2022లో పరిస్థితి ముదిరింది. గొలుసు విప్పి వదిలేస్తున్నారని, మలం ఎత్తకుండా పోతున్నారని నడకకు వచ్చేవాళ్ల నుంచి ఉద్యాన శాఖకు ఫిర్యాదులు వెళ్లాయి. ఆ ఏడాది జులై 1 నుంచి పెంపుడు కుక్కలను పార్కులోకి అనుమతించేది లేదని శాఖ ప్రకటించింది. నగరంలోని శునక ప్రియులు గగ్గోలు పెట్టారు. వినతులిచ్చారు. చివరికి ఆ నిర్ణయం అమలుకాకుండా ఆగింది. ఏళ్ల తరబడి ఆదివారాలు ఇక్కడే కలుసుకుంటున్న వాళ్లకు అప్పటికి ప్రాణం లేచొచ్చింది.

న్యాయంగా చూస్తే రెండు పక్షాల మాటా సబబే. జంతు సంక్షేమ మండలి 2015లో పెంపుడు కుక్కల విషయమై మార్గదర్శకాలు ఇచ్చింది. తోటల్లోకి రానివ్వకుండా ఏకంగా నిషేధించడం సరికాదని, కావాలంటే వేళలు పెట్టుకోవచ్చని అందులోని సారాంశం. బయట తిప్పేటప్పుడు గొలుసు ఉండాలనీ, మలం శుభ్రం చేయాలనీ యజమానులకు చెప్పిందీ ఆ మార్గదర్శకాల్లోనే. మొదటి సగం మాత్రం చదివి రెండో సగం మరచిపోతే ఎలా?

చట్టం సంగతికి వస్తే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ఉంది. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ముప్పు రాకుండా జాగ్రత్త పడనివాళ్లకు ఆరు నెలల దాకా జైలు, లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతిలో ఇదే నేరానికి జరిమానా వెయ్యి రూపాయలే ఉండేది. ‘మావాడు కరవడు’ అన్న మాట స్టేషనులో చెల్లదు.

గొలుసు విప్పి పరుగెత్తించాలన్న సరదా ఉంటే దానికీ చోటుంది. పార్కులోనే కుక్కల కోసం కంచె కట్టి విడిగా ఓ జాగా కేటాయించారు. హైదరాబాద్‌లోని కొండాపూర్‌లోనూ 2018లో అక్కడి నగరపాలక సంస్థ కుక్కల కోసం ప్రత్యేక పార్కు తెరిచింది. కంచె లోపల ఎంత గంతులేసినా అడిగేవాళ్లుండరు. బయటికొస్తే మాత్రం గొలుసు. ఆరడుగుల మామూలు గొలుసు చాలు. బటను నొక్కితే సాగే రకం మార్కెట్లో దొరుకుతోంది కానీ జనం ఉన్న చోట అది ప్రమాదమే. కుక్క పదిహేను అడుగుల దూరం పోయాక ఆ సన్నటి తాడు ఎవరికీ కనిపించదు. సైకిలు నేర్చుకునే పిల్లాడు దానికి తగులుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

తాతయ్య చేతికి తాడు

బెంగళూరు తెలుగిళ్లలో ఓ విచిత్రం చూడొచ్చు. కుక్కపిల్లను తెచ్చేది కొడుకో మనవరాలో. ‘ఇంట్లోకి కుక్కా? పూజగది దగ్గరికి రానిచ్చారో జాగ్రత్త’ అని మొదటిరోజు గొడవ చేసేది అమ్మమ్మ. ఆర్నెల్లు తిరిగేసరికి పిల్లలు ఆఫీసులకూ కాలేజీలకూ పోతే, దానికి పెరుగన్నం కలిపేది అమ్మమ్మే. పొద్దున, సాయంత్రం గొలుసు పట్టుకుని తిప్పేది తాతయ్యే. అనంతపురం నుంచో చిత్తూరు నుంచో ‘పిల్లల దగ్గర నాలుగు రోజులుండి పోదాం’ అని వచ్చి ఆగిపోయిన పెద్దవాళ్లకు ఈ నగరంలో మొదట స్నేహితులను సంపాదించి పెట్టేది కూడా ఈ కుక్కే. మనుషులతో మాట కలపడానికి కన్నడం రాదని మొహమాటపడే ఆయన, ఎదుటి కుక్క పేరు అడగడానికి మాత్రం వెనకాడరు. అలా కదిలిన మాట ఊరు దాకా, అక్కడి నుంచి కులగోత్రాల దాకా వెళ్తుంది.

పేర్లూ మారిపోయాయి. ఒకప్పుడు టామీ, మోతీ, రాజు. ఇప్పుడు బ్రూనో, కోకో, సింబా. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే మనిషి కుక్కతో మాత్రం ‘సిట్‌’, ‘కమ్‌’, ‘నో’ అంటాడు. అది ఏ భాష కుక్కో దానికే తెలియాలి.

సరదా పక్కన పెడితే ఇందులో ఓ ముప్పుంది. ముప్పై కిలోల లాబ్రడార్‌ను అరవై అయిదేళ్ల మనిషి పట్టుకోవడం తేలిక కాదు. ఉడుత కనిపించిందా, ఒక్క లాగుడులో మనిషి నేల మీద ఉంటాడు. కబ్బన్‌ పార్కులో ఉడుతలకు కొదవ లేదు. గొలుసును మణికట్టుకు చుట్టుకోవడం చాలామందికి అలవాటు. అది మంచిది కాదు. కుక్క పరుగెత్తితే వదిలేయడానికి వీలుండదు. బొటనవేలికి తగిలించి పిడికిలిలో పట్టుకుంటే చాలు. మెడ పట్టీకి బదులు ఛాతీ చుట్టూ వేసే పట్టా, అందులోనూ ముందువైపు కొక్కెం ఉన్నది వేస్తే కుక్క అంత బలంగా లాగలేదు. పెద్దవాళ్ల చేతికి ఇచ్చేటప్పుడు పిల్లలు ఈ మాత్రం కొనివ్వాలి. కాళ్లకు హవాయి చెప్పులు కాకుండా బూట్లు కూడా. రాళ్ల మీద నాచు పట్టే వానాకాలంలో ఇది మరీ ముఖ్యం.

నిన్నటి పేపరు ఇవాళ అక్కరకు..

కుక్క దొడ్డికి కూర్చుంటే ఏం చేయాలి? అటూ ఇటూ చూసి, ఫోను చెవికి పెట్టుకుని, ఏమీ ఎరగనట్లు నాలుగడుగులు ముందుకు నడవడం ఒక పద్ధతి. ఎక్కువగా కనిపించేది అదే. రెండో పద్ధతికి ఖర్చు లేదు. నిన్నటి పేపరు నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకోవాలి. ఒక ముక్క కింద వేయాలి, మరో ముక్కతో ఎత్తాలి, మడిచి చెత్తడబ్బాలో పడేయాలి. ప్లాస్టిక్‌ సంచి కంటే ఇదే నయం. ఈ పేజీని కూడా నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. చదివాకే సుమా.

‘మట్టిలో కలిసిపోతుందిలే, ఎరువేగా’ అనేవాళ్లున్నారు. పేడ వేరు, ఇది వేరు. ఆవు తినేది గడ్డి. కుక్క మలంలో నులిపురుగుల గుడ్లు ఉండొచ్చు. అవి మట్టిలో నెలల తరబడి బతికుంటాయి. అదే పచ్చిక మీద పసిపిల్లలు పాకుతారు, మట్టి చేతులు నోట్లో పెట్టుకుంటారు. ఆ పురుగులు ఒంట్లోకి చేరితే కొందరు పిల్లల్లో కళ్లు దెబ్బతినే ప్రమాదం ఉంది. కుక్కకు పశువైద్యుడు చెప్పినట్లు నులిపురుగుల మందు క్రమం తప్పక వేయించడం, మలం ఎత్తడం.. ఈ రెండూ చేస్తే ఆ బెడద చాలావరకు తప్పుతుంది.

టీకాల విషయంలో అశ్రద్ధ అసలు పనికిరాదు. రేబిస్‌ టీకా ఏటా వేయించాలి. పార్వో, డిస్టెంపర్‌ లాంటి జబ్బులకూ టీకాలున్నాయి. పిల్లకుక్కను ముద్దుగా ఉందని రెండు నెలలకే పార్కుకు తెచ్చేస్తారు. టీకాల వరస పూర్తికాకుండా నలుగురు తిరిగే నేల మీద దింపితే ముప్పే. పార్కులో ఊరకుక్కలూ ఉంటాయి. అవి తమ చోటు తాము కాచుకుంటాయి. వాటి జోలికి పోకుండా పక్కదారి పట్టాలి. పొరపాటున ఏ కుక్కయినా కరిస్తే, అది పెంపుడుదైనా సరే, గాయాన్ని వెంటనే పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. కారం, సున్నం, పసుపు అద్దే నాటు వైద్యం మనవాళ్లలో ఇంకా పోలేదు. రేబిస్‌ లక్షణాలు బయటపడ్డాక కాపాడటం దాదాపు అసాధ్యం.

వేసవిలో ఎనిమిదిన్నర దాటితే తారు రోడ్డు వేడెక్కుతుంది. చెయ్యి వెనక భాగం రోడ్డు మీద ఆనించి చూడాలి. అయిదారు సెకన్లు ఓర్చుకోలేకపోతే కుక్క పాదాలూ ఓర్చుకోలేవు. చెట్ల కింది మట్టిదారే మేలు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని చల్లదనం. ముక్కు అణిగి ఉండే పగ్‌ లాంటి జాతులకు అదీ సరిగా చేతకాదు. 2003లో ఓ సెల్‌ఫోన్‌ కంపెనీ ప్రకటనలో పిల్లాడి వెంట నడిచిన పగ్‌ను చూసి దేశమంతా ఎగబడి కొంది. ఆ బుల్లి కుక్క నిజంగా అంత దూరం ఎండలో నడవలేదని కొన్నాకే చాలామందికి తెలిసింది. మంచుదేశపు హస్కీని ఇక్కడికి తెచ్చి రొప్పించేవాళ్లనూ ఆదివారం చూడొచ్చు. ఈ నేలకు అలవాటుపడిన ముధోల్‌ బాగలకోటె జిల్లాలోనే ఉంది. తమిళనాడులో రాజపాళయం, చిప్పిపారై ఉన్నాయి. 2005లో తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్కల మీద స్టాంపులు వేస్తే వాటిలో ముధోల్‌, రాజపాళయం రెండూ ఉన్నాయి. వేటజాతులు కాబట్టి వాటికి పరుగు కావాలి. అది ఇవ్వగలిగినవాళ్లే పెంచాలి.

వానాకాలంలో గుంటల్లో నిలిచిన నీళ్లు తాగనివ్వకూడదు. లెప్టోస్పైరోసిస్‌ ఇలాంటి నీళ్ల వల్లే అంటుకుంటుంది. ఇంటి నుంచి ఓ సీసా, ఓ చిన్న గిన్నె తెచ్చుకుంటే సరి. ఇంటికెళ్లాక అయిదు నిమిషాలు కూర్చుని చెవుల వెనక, వేళ్ల సందుల్లో గోమార్లు ఉన్నాయేమో వెతకాలి. పచ్చికలో తిరిగితే అవి అంటుకోవడం మామూలే. ఆ గోమార్ల జ్వరం కుక్క ప్రాణం మీదికి తెస్తుంది.

మన ఊళ్లో ఎలా?

బళ్లారి, రాయచూరు, హొసూరు, బరంపురం, షోలాపూర్‌.. ఎక్కడున్నా ఇంట్లో కుక్క ఉంటే ఈ అవసరం ఉన్నదే. పురపాలక పార్కుల్లో చాలాచోట్ల ‘కుక్కలకు ప్రవేశం లేదు’ అన్న పలకే దర్శనమిస్తుంది. బోర్డు లేని చోట కాపలాదారును ఓ మాట అడిగి లోపలికెళ్లడం మర్యాద. అనుమతి లేని చోట నలుగురు కలిసి పురపాలక అధికారులను పొద్దున ఓ గంట కేటాయించమని అడగొచ్చు. వేళలు పెట్టుకోవచ్చన్న 2015 నాటి మార్గదర్శకాలు చేతిలో ఉన్నాయి. అభయారణ్యాలు, రక్షిత అడవుల వైపు మాత్రం కుక్కను తీసుకెళ్లకూడదు. అక్కడి జీవాలకు మన కుక్క జబ్బు అంటించే ప్రమాదం ఉంది. చెరువుగట్టు, కాలేజీ మైదానం, ఊరి చివరి మామిడితోట, ఏదైనా సరే నీడ, మట్టిదారి, అడిగి పొందిన అనుమతి ఉంటే అదే కబ్బన్‌ పార్కు.

బెంగళూరు వాళ్లకు ఈ తోట ఊరికే దక్కలేదు. 1998లో పార్కు హద్దుల నుంచి కొంత భాగాన్ని తప్పించాలని ప్రభుత్వం చూసినప్పుడు జనం వీధుల్లోకి వచ్చారు. అప్పుడు అడ్డుపడింది పొద్దునే నడకకు వచ్చే మామూలు మనుషులే. కుక్క మీద విసుక్కునే పెద్దాయన వాళ్లలో ఒకడై ఉండొచ్చు. గొలుసు దగ్గరికి లాగి ఆయనకు దారివ్వడంలో తప్పేముంది?

కాళి అనే వేటకుక్క

ఇక ఆ వెయ్యేళ్ల నాటి కుక్క సంగతి. తోట అంచున కస్తూర్బా రోడ్డు మీద ఎర్రటి ప్రభుత్వ మ్యూజియం ఉంది. భవనం 1877 నాటిది. అక్కడి శిలల్లో ఒకటి ఆతకూరు శాసనం. మండ్య జిల్లా మద్దూరు తాలూకాలోని ఆతకూరు నుంచి తెచ్చారు. పైన ఓ కుక్క, అడవిపంది కలబడుతున్న బొమ్మ. చుట్టూ పాత కన్నడ అక్షరాలు. ఆ కాలంలో తెలుగు, కన్నడ లిపుల మధ్య పెద్ద తేడా లేదు కాబట్టి మనవాళ్లు చూస్తే ఒకటి రెండు అక్షరాలు ఎక్కడో చూసినట్లే అనిపిస్తాయి.

శాసనం కాలం క్రీ.శ. 949-50. రాష్ట్రకూట రాజు మూడో కృష్ణుడికి, చోళ యువరాజు రాజాదిత్యుడికి తక్కోలం దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. ఆ తక్కోలం ఇప్పటి తమిళనాడులో అరక్కోణం దగ్గరే. రాజాదిత్యుడు ఆ పోరులో చనిపోయాడు. కృష్ణుడి తరఫున పోరాడినవాడు గంగరాజు రెండో బూతుగుడు. ఆయన దగ్గర మణలేరుడు అనే వీరుడు ఉండేవాడు. యుద్ధంలో అతడి సాహసానికి మెచ్చి, ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు. ఊళ్లు అడగొచ్చు, బంగారం అడగొచ్చు. మణలేరుడు రాజుగారి వేటకుక్కను అడిగాడు. దాని పేరు కాళి.

తర్వాత ఓ కొండ దగ్గర పెద్ద అడవిపంది మీదికి కాళిని వదిలారు. రెండూ కలబడ్డాయి. పంది చచ్చింది. కాళి కూడా చనిపోయింది. మణలేరుడు ఊళ్లోని శివాలయం ముందు దానికి రాయి నిలబెట్టాడు. రాయలసీమ పల్లెల్లో వీరులకు నిలబెట్టే వీరగల్లు లాంటిదే. ఆ రాయికి పూజ జరగడానికి చెరువు కింద భూమి రాసిచ్చాడు. పూజారి దానికి పూజ చేయకుండా అన్నం ముట్టకూడదని షరతు కూడా చెక్కించాడు. యుద్ధం గురించి, రాజుల గురించి ఎంత చెప్పినా, ఆ రాయి మీద పెద్దగా కనిపించేది కుక్క బొమ్మే.

మ్యూజియం తెరిచి ఉందో లేదో ముందే కనుక్కుని వెళ్లాలి. వెంట వచ్చిన కుక్కను లోపలికి తీసుకెళ్లే వీలుండదు. కాబట్టి ఇద్దరు కలిసి వెళ్తే మంచిది. ఒకరు లోపలికెళ్లి కాళిని చూసొచ్చేదాకా రెండోవాళ్లు బయట చెట్టు కింద గొలుసు పట్టుకుని కూర్చోవాలి. తర్వాత గొలుసు చేతులు మారుతుంది.